చప్పట్ల కోసం ఎలుక

ఉమాశ్రీ ట్రైనింగ్‌కని కాకినాడ వెళ్ళిన శనివారం నాడే, రాజమండ్రిలో ఆమె పనిచేసే స్కూలు వాళ్ళు మిరప పెట్టెలో బతికున్న ఎలుకను వదిలారు.

మిరప ఒక పాము. దానికి తోడు బత్తాయి అని ఇంకొకటి ఉంది. రెండూ విషం లేని, ఇళ్ళలో పెంచుకునే కార్న్ స్నేక్ జాతివి. ఒక విద్యార్థి తండ్రి బెంగళూరుకు మారిపోతూ, అక్కడి అపార్ట్‌మెంట్ వాళ్ళు ఒప్పుకోరని, గాజు పెట్టెలతో సహా తెచ్చి స్కూలుకు ఇచ్చేశాడు. ఒంటినిండా ఎర్రటి మచ్చలున్నదాన్ని పిల్లలు మిరప అన్నారు. పసుపు, నారింజ కలిసిన రంగున్నదాన్ని బత్తాయి అన్నారు. టీచర్లలో వాటి జోలికి వెళ్ళే ధైర్యం చేసింది ఉమాశ్రీ ఒక్కతే. ఆమె జువాలజీలో ఎమ్మెస్సీ చేసి, పదకొండేళ్ళుగా ఆ స్కూల్లోనే బయాలజీ చెబుతోంది.

మొదట్లో రెండు పాములూ బతికున్న ఎలుకలే తినేవి. ఇచ్చినాయన అదే అలవాటు చేశాడు. ఆయన చెప్పినట్టే ఉమాశ్రీ కూడా మొదటి వారం ఓ తెల్ల ఎలుకను తెచ్చి బత్తాయి పెట్టెలో వదిలింది. బత్తాయి పట్టు తప్పింది. నడుము దగ్గర దొరికిన ఎలుక గిలగిలా తన్నుకుంటూ వెనక్కి తిరిగి, పాము కంటికి వెంట్రుకవాసి దూరంలో కొరికింది. అడ్డుపెట్టబోయిన ఉమాశ్రీ వేలిని కూడా కొరికింది. ఎలుక చావడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ అది అరుస్తూనే ఉంది. ఆ రోజు ఇంటికెళ్ళి ఆమె అన్నం తినలేకపోయింది.

తర్వాత నాలుగు రోజులు చదివి, తెలిసినవాళ్ళను అడిగి, విశాఖపట్నంలో చంపి గడ్డకట్టించిన ఎలుకలు అమ్మే అతని నంబరు సంపాదించింది. గ్యాసుతో మత్తులో పడ్డాక చంపుతామనీ, కేకలూ పెనుగులాటా ఉండవనీ అతను చెప్పాడు. థర్మకోల్ పెట్టెలో ఐసు వేసి బస్సు పార్సిల్‌లో పంపుతానన్నాడు.

మరి వాటిని దాచడం ఎక్కడ? ఇంట్లో అడిగి చూసింది.

"ఫ్రిజ్‌లో ఎలుకలేంటమ్మా?" అంది అత్తగారు లలితాంబ, పెరుగు గిన్నె చేతిలో పట్టుకుని.

"కవర్లో చుట్టి, మూతున్న డబ్బాలో పెడతానండి అత్తయ్యగారూ."

"డబ్బాలో పెడితే ఎలుక కాకుండా పోతుందా? అయినా నాకు తెలీక అడుగుతాను. బతికున్నది వేస్తే పాపమూ, చచ్చింది వేస్తే పుణ్యమూనా?"

"పుణ్యం అనడం లేదండి. పాము ఆకులు తినదు కదా. ఎలుక ఎలాగూ చావాల్సిందే అయినప్పుడు, పారిపోవడానికి దారిలేని పెట్టెలో భయంతో చావడం ఎందుకూ అని."

"అది నీ మనసుకి నువ్వు సర్దిచెప్పుకోవడం," అంది లలితాంబ. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఉమాశ్రీని చాలా రోజులు వదల్లేదు.

దారి చూపించింది స్కూల్లో ఆయాగా చేసే లోవలక్ష్మి. ఆమె భర్త గోదావరి గట్టు మీద చేపలు అమ్ముతాడు. వాడకుండా పక్కన పడేసిన చిన్న డీప్‌ఫ్రీజర్ ఒకటి వాళ్ళింట్లో ఉంది. దాన్ని ఆటోలో వేసి తెచ్చి, ల్యాబ్ మూల పెట్టించింది. "ఐసు సంగతి మాకు తెల్సినట్టు ఇంకెవరికి తెలుస్తదండి? ఓసారి కరిగినదాన్ని మళ్ళీ గడ్డ కట్టించకూడదండి, అంతే. చేపైనా ఎలకైనా ఒకటే," అంది.

పాముల చేత తినిపించడానికి రెండు నెలలు పట్టింది. ఎలుకను కవర్లో ఉంచి, ముందు చన్నీళ్ళలో వేసి కరిగించాలి. తర్వాత వేడినీళ్ళలో ఉంచి ఒళ్ళు వెచ్చబడనివ్వాలి. తడి తుడిచి, పొడవాటి పటకారుతో పట్టుకుని, బతికున్నదానిలా కొంచెం కదిలించాలి. బత్తాయి మూడోసారికే పట్టింది. మిరప ఆరుసార్లు మొహం తిప్పుకుంది. ఏడోసారి మెరుపులా వచ్చి పటకారును కూడా కలిపి చుట్టేసుకుంటే, లోవలక్ష్మి "ఆయ్, పట్టేసిందండీ!" అని ల్యాబంతా వినబడేలా అరిచింది.

ఏడాదిపాటు అంతా బాగానే జరిగింది. ఆ తర్వాత స్కూలు కరెస్పాండెంట్ మణిశంకర్ గారి దృష్టి ఈ పాముల మీద పడింది.

అడ్మిషన్ల కాలం అది. ఊళ్ళో కొత్తగా వచ్చిన స్కూళ్ళు రోబోలను చూపిస్తున్నాయి. మన దగ్గర పాములున్నాయి కదా అని ఆయనకు గుర్తొచ్చింది. ఉమాశ్రీని గదికి పిలిపించారు.

"మేడం గారూ, ఓపెన్ డే రోజు పేరెంట్స్ ముందు పాముకి లైవ్ ఫీడింగ్ పెడదామండి. పిల్లలు చుట్టూ కూర్చుంటారు, మనం వీడియో తీస్తాం. అదిరిపోద్ది."

"మనవి చచ్చిన ఎలుకలే తింటాయండి. బతికున్నవి మానిపించేశాను."

"అందులో చూడ్డానికేముందండి? ఫ్రిజ్‌లోంచి తీసి పెడితే చద్దన్నంలా ఉంటది. నేచురల్‌గా ఉండాలి. అడవిలో పాముకి ఎవరు ఫ్రీజ్ చేసి పెడతారు చెప్పండి?"

"అడవిలో గాజు పెట్టె కూడా ఉండదండి," అంది ఉమాశ్రీ. "అక్కడ ఎలుక పారిపోవచ్చు. పాముకి ఆకలి లేకపోతే అది తప్పుకోవచ్చు. రెండింటినీ ఓ పెట్టెలో పడేసి మూత పెట్టేది మనం. అది ప్రకృతి ఎలా అవుతుందండి?"

మణిశంకర్ గారు నవ్వేసి, "సరే, ఆలోచిద్దాం," అన్నారు. ఆయన ఆలోచించింది ఏమిటంటే, ఓపెన్ డేని ఉమాశ్రీ ఊళ్ళో లేని శనివారానికి మార్చడం.

ఆ సంగతి ఆమెకు ఆదివారం పొద్దున్న, కాకినాడలో టీ తాగుతుండగా తెలిసింది. లోవలక్ష్మి ఫోన్ చేసింది.

"మేడం గారండీ, తొందరగా వచ్చెయ్యండి. మిరప ఈపు మీద రక్తం వస్తందండి. ఎలక పెట్టిలోనే ఉందండి. రాత్రంతా అందులోనే ఉంచేసేరండి!"

ట్రైనింగ్ రెండో రోజు తరగతి ఎగ్గొట్టి, దొరికిన బస్సెక్కి వచ్చింది. ల్యాబ్ తలుపు తీసేసరికి తెల్ల ఎలుక నీళ్ళగిన్నె అంచు మీద కూర్చుని వణుకుతోంది. మిరప పెట్టె మూలకు ఒదిగిపోయి ఉంది. వీపు మీద రూపాయి బిళ్ళంత మేర చర్మం లేదు. లోపల కండ కనబడుతోంది. తోక దగ్గర మరో రెండు గాట్లు.

మిరప కళ్ళు పాలు పోసినట్టు తెల్లగా ఉన్నాయి. కుబుసం విడిచే ముందు అలాగే ఉంటాయి. ఆ రోజుల్లో పాముకి సరిగా కనబడదు, ఆకలి ఉండదు, ఎవరినీ దగ్గరికి రానివ్వదు. అది తెలిసే ఉమాశ్రీ శుక్రవారం సాయంత్రం స్కూలునుంచి ఇంటికి వెళ్ళేముందు పెట్టె మీద ఎర్ర సిరాతో అట్ట రాసి అంటించింది: 'మిరప కుబుసంలో ఉంది. తాకవద్దు. మేత పెట్టవద్దు.'

"అట్ట ఏదీ?" అని అడిగింది.

లోవలక్ష్మి చెత్తబుట్ట వైపు చూపించింది. "వీడియోలో బాగోదని పీకేసేరండి. నేను చెప్పేనండి, మేడం గారు వద్దన్నారని. ఆయాకేం తెలుసు, ఎల్లు అన్నారండి. పాము కదల్లేదని అందరూ ఇళ్ళకెళ్ళిపోయేరు. తాళం ఆళ్ళే పట్టుకుపోయేరండి. పొద్దున్న వాచ్‌మన్‌ని బతిమాలి ఆడి దగ్గరున్న ఇంకో చెవితో తీయించేను. పెట్టిలో చెయ్యెట్టడానికి మాత్రం ధైర్యం చాల్లేదండి."

ఉమాశ్రీకి ఎలుక మీద కోపం రాలేదు. దానికి రాత్రంతా తిండి లేదు. పక్కనే పాము ఉంది, బయటికి దారి లేదు. దాన్ని ముందు తీసి ఖాళీ బకెట్‌లో వేసింది. లోవలక్ష్మి అడక్కుండానే గుప్పెడు అటుకులు తెచ్చి అందులో చల్లింది.

డాక్టర్ రెబెక్కా ఆదివారం పూట కూడా క్లినిక్ తెరిచి ఉంచే పశువైద్యురాలు. గుడ్డసంచిలోంచి పామును తీసేసరికి ఒక క్షణం వెనక్కి జరిగింది. "నా దగ్గరికి కుక్కలొస్తాయి, గేదెలొస్తాయండి. పాముకి కుట్లు వేయడం ఇదే మొదలు," అంది. అంటూనే చెన్నైలో ఉన్న క్లాస్‌మేట్‌కు వీడియో కాల్ చేసి, అతను చెబుతుంటే గాయం కడిగి, ఐదు కుట్లు వేసింది. చేతులు తుడుచుకుంటూ అడిగింది. "ఇది ఎలుక కొరికిందే కదా? ఎంతసేపు వదిలేశారండి?"

"పదహారు గంటలు."

రెబెక్కా కాగితం మీద మందులు రాస్తూ పెన్ను గట్టిగా నొక్కింది.

సోమవారం తొమ్మిదో తరగతిలోకి వెళ్ళేసరికి పిల్లలు ఎప్పటిలా అల్లరి చెయ్యడం లేదు. ఫణిశ్రీ అనే అమ్మాయి లేచి నిలబడింది.

"మేడం, మిరప బతుకుతుందా?"

"బతుకుతుంది. శనివారం ఏం జరిగిందో నువ్వు చెప్పు."

"ఎలుకని వేశాక మమ్మల్ని చప్పట్లు కొట్టమన్నారు మేడం. ఎలుక గోడకి ఎగిరెగిరి పడుతుంటే ఇంకా గట్టిగా కొట్టమన్నారు. మిరప మూలకి పోతుంటే కర్రతో ముందుకి తోశారు." ఆ పిల్ల తన అరచేతుల వైపు చూసుకుంది. "నేను కూడా కొట్టాను మేడం."

ఉమాశ్రీకి అప్పటిదాకా ఉన్నది బాధ. ఆ మాటతో అది వేరేదైపోయింది. పదమూడేళ్ళ పిల్లలను కూర్చోబెట్టి, ఒక ప్రాణి భయంతో గోడలకు కొట్టుకుంటుంటే చప్పట్లు కొట్టమని నేర్పడమా? దానికి సైన్స్ అని పేరు పెట్టడమా? క్లాసును లీడర్‌కు అప్పగించి తిన్నగా మణిశంకర్ గారి గదికి వెళ్ళింది.

ఆయన ఫోన్‌లో ఆ వీడియోనే చూసుకుంటున్నారు. "రండి మేడం. ఇరవై వేల మంది చూశారండి!"

"పాముకి ఐదు కుట్లు పడ్డాయండి."

"అవునట, విన్నాను. పామేంటండి, ఎలుక చేతిలో ఓడిపోయింది?" అని నవ్వారు.

"అది ఆట కాదండి గెలవడానికీ ఓడిపోవడానికీ! దానికి కళ్ళు కనబడటం లేదని అట్ట రాసి పెట్టాను. ఆ అట్ట పీకేసింది మీరు. కర్రతో తోసింది మీరు. రాత్రంతా తాళం వేసి వదిలేసింది మీరు. ముందు ఆ వీడియో తీసెయ్యండి."

"గట్టిగా మాట్లాడకండి. వచ్చే శనివారం రెండోదానితో పెడుతున్నాం. దానికి కళ్ళు బాగానే ఉన్నాయి కదా?"

"నేనుండగా జరగదండి," అనేసి బయటికి వచ్చింది.

సాయంత్రానికి ఆమె చేతికి మెమో వచ్చింది. ల్యాబ్ ఇన్‌చార్జిగా ఆమె నిర్లక్ష్యం వల్ల స్కూలు జంతువుకు గాయమైందట, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. ఉమాశ్రీ దాన్ని రెండుసార్లు చదివింది. గాయం చేసినవాళ్ళు సంజాయిషీ అడుగుతున్నారు! ఇంటికెళ్ళి ఆ కాగితం భర్త ఉదయ్‌భాస్కర్‌కు ఇస్తే, అతను చదివి, "పోనీ శనివారం సెలవు పెట్టెయ్. చూడక్కర్లేదు," అన్నాడు.

"నేను చూడకపోతే ఎలుక బత్తాయిని కొరకదా?" అంది. అంతే, ఆ విషయం అతనితో మళ్ళీ ఎత్తలేదు.

అప్పుడే లలితాంబ ఆ వీడియో అడిగింది. ఉమాశ్రీ ఫోన్ ఇచ్చింది. ముసలామె సగం దాకా చూసి, చటుక్కున ఫోన్‌ను బోర్లా పెట్టేసింది. "ఆ కర్ర పట్టుకున్న పెద్దమనిషేనా మీ కరెస్పాండెంటు?" అంది. "చంపడం పాపమని నేను ఇప్పుడూ అంటాను. కానీ ఇది చంపడం కూడా కాదే. ఇదేంటో నాకు పేరు తెలీదు."

శనివారం ల్యాబ్ తాళంచెవి ఉమాశ్రీ దగ్గరే ఉంది; ఇన్‌చార్జి కనుక సోమవారమే అడిగి వెనక్కి తీసుకుంది. పదకొండు గంటలకు మణిశంకర్ గారు ముప్పైమంది తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వరండాలోకి వచ్చారు. ముందు ఒకతను ఫోన్ పైకెత్తి వీడియో తీస్తూ నడుస్తున్నాడు. ఉమాశ్రీ తలుపుకు అడ్డంగా నిలబడి ఉంది. చేతిలో మిరప ఉన్న చిన్న ప్లాస్టిక్ పెట్టె.

"తలుపు తియ్యండి మేడం," అన్నారాయన, నవ్వు చెరగకుండా.

"తియ్యనండి." తర్వాత తల్లిదండ్రుల వైపు తిరిగింది. "మీరు వీడియోలో చూసిన పాము ఇదేనండి. చూపు లేని రోజుల్లో దీని ముందు ఎలుకను వదిలి, తెల్లవార్లూ అలాగే ఉంచేశారు. దీని వీపు చూడండి."

వాళ్ళు ముందుకు వంగి చూశారు. ఒకావిడ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను వీటికి చచ్చిన ఎలుకలే పెడతాను. అదేమీ గొప్ప పని కాదండి, ఎలుక ఎలాగూ చచ్చిపోయిందే. కానీ దాన్ని ఎవరూ ఆడించలేదు, దాని అరుపులకి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మీ పిల్లల చేత కొట్టించారు. ఇంటికెళ్ళి అడగండి."

వీడియో తీస్తున్నతను ఫోన్ దించేశాడు. వెనకనుంచి ఎవరో ఒకాయన, "మా అమ్మాయి రెండు రోజులు సరిగా తిండి తినలేదు. ఇదా కారణం?" అన్నాడు. ఆయన ఫణిశ్రీ తండ్రి. ఆ ప్రశ్న అడిగింది ఉమాశ్రీని కాదు.

మణిశంకర్ గారు గొంతు సవరించుకుని, ఈ రోజు టెక్నికల్ ప్రాబ్లం వల్ల కార్యక్రమం వాయిదా పడిందనీ, అందరూ కంప్యూటర్ ల్యాబ్‌కు రావాలనీ చెప్పారు. ఆ వాయిదా పడ్డ కార్యక్రమం తర్వాత ఎప్పుడూ జరగలేదు. వీడియో కూడా మూడో రోజుకు కనబడకుండా పోయింది. క్షమించమని మాత్రం ఎవరూ అనలేదు. మెమో వెనక్కి తీసుకోలేదు. నెల తిరక్కుండానే ఉమాశ్రీని తొమ్మిదో తరగతి నుంచి ఆరో తరగతికి మార్చారు. ల్యాబ్ మాత్రం ఆమెకే వదిలారు, పాములను ముట్టుకునేవాళ్ళు ఇంకెవరూ లేరు కనుక.

ఆమె గెలిచిందనుకున్నవాళ్ళకు తెలియనిది ఒకటుంది. మిరప తినడం మానేసింది.

కుట్లు మానాయి, కుబుసం ముక్కలుముక్కలుగా ఊడింది, కళ్ళు తేటపడ్డాయి. కానీ పటకారు పెట్టెలోకి రాగానే వెనక్కి పోయి, ముడుచుకుని, మెడను ఎస్ ఆకారంలో వంచి బుసకొట్టేది. ఒక వారం, రెండు వారాలు, ఐదు వారాలు. వెన్నెముక గీతలా పైకి కనబడసాగింది. ఇంకో రెండు వారాలు చూడొచ్చనీ, ఆ తర్వాత గొట్టంతో తిండి గొంతులోకి పోయాల్సి వస్తుందనీ రెబెక్కా చెప్పింది.

"ప్రాణమున్నది వేసుంటే ఎప్పుడో తినేసేది కదండీ," అన్నాడు మణిశంకర్ గారు పంపిన గుమాస్తా, ల్యాబ్‌లోకి తొంగిచూసి. ఉమాశ్రీ అతని మొహం మీదే తలుపేసింది. కానీ ఆ మాట తలుపు ఇవతలే మిగిలిపోయింది.

తెల్ల ఎలుక ఇంకా అక్కడే ఉంది. లోవలక్ష్మి దానికి చేపలబుట్టను బోర్లించి గూడు చేసి, రంపపుపొట్టు పరిచి, అటుకులూ కొబ్బరిముక్కలూ పెడుతూ ఉంది. ఆరో వారం ఆవిడే మెల్లగా అంది. "ఒక్కసారికి దీన్ని ఇచ్చేద్దామా అండీ? నాకూ మనసొప్పట్లేదనుకోండి. కానీ మిరప చచ్చిపోయేలా ఉందండి."

ఉమాశ్రీ గూడు ఎత్తి, ఎలుకను తోక మొదట్లో పట్టుకుని అరచేతిలోకి తీసుకుంది. అది భయపడలేదు. రోజూ చేతులనుంచి తిండి తింటోంది కదా, ఆమె బొటనవేలును వాసన చూసింది. పెట్టెలో మిరప తల ఎత్తింది. అది అలా తల ఎత్తడం ఆరు వారాల్లో మొదటిసారి. ఒక్క అడుగు వేస్తే చాలు. పాము బతుకుతుంది. మళ్ళీ కొరుకుడు పడితే? పడకపోయినా, ఈ ఎలుకను ఇన్నాళ్ళూ పెంచి ఇప్పుడు...? ఆమెకు ఏడుపొచ్చింది. తన చేత ఈ లెక్క వేయిస్తున్న మనుషుల మీద ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ సరదా అరగంటలో తీరిపోయింది. దాని బరువు మాత్రం ఇక్కడ తన అరచేతిలో వెచ్చగా కొట్టుకుంటోంది.

మిరప నాలుక ఆడిస్తోంది. ఎలుక కనిపించి కాదు, వాసనకు.

"లోవలక్ష్మీ, ఈ గూట్లో పొట్టు గుప్పెడు తియ్యి."

"ఎందుకండీ?"

"చెప్తాను, తియ్యి ముందు. నీళ్ళు కూడా పెట్టు."

ఎలుకను గూట్లో వదిలేసింది. ఫ్రీజర్లోంచి ఒకదాన్ని తీసి కరిగించి, వెచ్చబెట్టి, తుడిచి, దాన్ని ఆ పొట్టులో బాగా దొర్లించింది. పటకారు వాడలేదు. చిన్న అట్టపెట్టెకు బెజ్జం చేసి, ఎలుకను అందులో ఉంచి, మిరప పక్కన పెట్టింది. గాజు మీద దుప్పటి కప్పి, లైటు ఆర్పి, ఇద్దరూ బయట వరండాలో నేల మీద కూర్చున్నారు. లంచ్ బెల్ మోగింది. పిల్లలు తిని వెళ్ళిపోయారు. ఉమాశ్రీ ఆరో తరగతికి ఒక పీరియడ్ చెప్పి వచ్చింది. లోవలక్ష్మి రెండు వరండాలు తుడిచి వచ్చింది.

మూడున్నరకు దుప్పటి తీసి చూస్తే అట్టపెట్టె పక్కకు పడి ఉంది, ఖాళీగా. మిరప నడుములో ఉబ్బు ఉంది.

లోవలక్ష్మి ఈసారి అరవలేదు. గోడకు ఆనుకుని, చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

రెండు రోజుల తర్వాత స్టాఫ్ గ్రూపులో మణిశంకర్ గారి మెసేజ్ వచ్చింది. మన స్నేక్ కోలుకున్నందుకు సంతోషమట, అది తింటుండగా మంచి వీడియో ఒకటి తీసి పెట్టమని కోరారు. కింద నలుగురు టీచర్లు అప్పుడే చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు.

ఉమాశ్రీ ఆరో తరగతి బయట నిలబడి జవాబు రాసింది. 'తీయనండి. అది తినేటప్పుడు గదిలో నేను కూడా ఉండటం లేదు.'

పంపించి, ఫోన్ బ్యాగులో పడేసి, క్లాసులోకి వెళ్ళింది.